డెంగీ తగ్గి ఎనిమిది నెలలైనా నీరసం పోవట్లేదు, సీఎఫ్ఎస్ అంటున్నారు, రోజూ ఎక్సర్‌సైజ్ చేయించాలా?

మీ ప్రశ్న పెద్దగా ఉంది కాబట్టి నాకు అర్థమైనంతవరకు ముందు రాస్తాను, తప్పుంటే చెప్పండి. మీ చెల్లికి 27, హైదరాబాద్‌లో ఐటీ జాబ్. డెంగీ వచ్చి తగ్గింది, ప్లేట్‌లెట్లు నార్మల్‌కి వచ్చాయి, కానీ ఎనిమిది నెలలైనా మనిషి తేరుకోలేదు. రిపోర్టులన్నీ నార్మల్. ఒక డాక్టర్ గారు క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (సీఎఫ్ఎస్) కావచ్చన్నారు, ఇంకొకరు ఏం లేదు రోజూ అరగంట నడిచి మెల్లగా పెంచుకుంటూ పొమ్మన్నారు. నడిచిన రోజు బాగానే ఉంటోంది, ఎల్లుండికి మంచం ఎక్కుతోంది. అమ్మగారేమో బద్ధకం అంటున్నారు. ఈలోపు ఎవరో స్టెమ్ సెల్స్, ఐవీ డ్రిప్పులు కలిపి లక్షల్లో ప్యాకేజీ చెప్పారు. నడిపించాలా, ప్యాకేజీ తీసుకోవాలా, అసలు దీనిమీద రీసెర్చ్ ఏమైనా ఉందా అని అడిగారు.

సూటిగా చెప్తున్నా. నడక పెంచుకుంటూ పోవడం ఇవాళే ఆపించండి. ప్యాకేజీకి రూపాయి కూడా కట్టకండి. జబ్బు నిజమైనదే, రీసెర్చ్ కూడా బాగానే జరుగుతోంది, కానీ దీన్ని నయం చేస్తుందని రుజువైన మందు ఇంకా లేదు, అమెరికా ఎఫ్‌డీఏ కూడా ఈ జబ్బుకంటూ ఇంతవరకు ఏ మందుకీ ఆమోదం ఇవ్వలేదు. అలాగని చేయడానికి ఏం లేదని కాదు, చేయాల్సింది చాలానే ఉంది, కింద రాస్తాను.

నేను విజయవాడలో జనరల్ మెడిసిన్ ప్రాక్టీస్ చేస్తాను, చాలా ఏళ్ళుగా. కోవిడ్‌కి ముందు ఇలాంటి కేసు ఎప్పుడో ఒకటి వచ్చేది, ఇప్పుడు ఓపీలో మామూలైపోయింది.

మీరు రాసినదంతా ఒకెత్తు, "ఎల్లుండికి మంచం ఎక్కుతోంది" అన్న ఒక్క ముక్క ఒకెత్తు. దీన్ని పోస్ట్ ఎక్సర్షనల్ మలైజ్ అంటారు, పేషెంట్లంతా పెమ్ అంటారు, నేనూ అదే వాడతాను. పని చేసిన వెంటనే అలిసిపోవడం కాదు ఇది, అది అందరికీ ఉంటుంది. పని చేసేటప్పుడు బాగానే ఉండి, పన్నెండు గంటలకో రెండు రోజులకో ఒళ్ళు నొప్పులు, గొంతు నొప్పి, తల దిమ్ము, జ్వరం వచ్చినట్టు ఉండటం, మాట వెతుక్కోవడం, ఇవన్నీ ఒక్కసారిగా మీద పడి రోజులు, ఒక్కోసారి వారాలు ఉండిపోవడం. మా బెజవాడ భాషలో చెప్పాలంటే కాల్‌మనీ అప్పులాంటిది, తీసుకున్న రోజు హాయిగానే ఉంటుంది, వసూలుకి వచ్చినప్పుడు తెలుస్తుంది. పని కూడా పెద్దది కానక్కర్లేదు, రెండు గంటల వీడియో కాల్ చాలు, బంధువుల ఫంక్షన్‌లో పూటంతా కూర్చోవడం చాలు.

నా దగ్గరికొచ్చిన ఒక బ్యాంకు కుర్రాడు, కోవిడ్ తర్వాత ఇలాగే అయ్యాడు, సోమవారాలు బాగానే ఆఫీసుకెళ్ళేవాడు, మంగళవారం మధ్యాహ్నానికి కౌంటర్‌లో నోట్లు లెక్కపెడుతూ మధ్యలో అంకె మర్చిపోయేవాడు. వాళ్ళ మేనేజర్ సోమవారం పని ఒత్తిడి అనుకున్నారు. రెండు వారాలు రోజూ ఏం చేశాడో గంటగంటకీ రాయమంటే అసలు సంగతి బయటపడింది, ఆదివారం పొద్దున్న క్రికెట్. ఆడినంతసేపూ, ఆ మర్నాడూ బాగానే ఉంటున్నాడు కాబట్టి దానికీ దీనికీ లింకు ఉందని అతనికీ తట్టలేదు, ఇంట్లోవాళ్ళకీ తట్టలేదు. అందుకే మీరు మొదట చేయాల్సిన పని ఏ స్కానూ కాదు, ఒక నోట్‌బుక్ కొని చెల్లి చేత రాయించండి, ఓపిక లేకపోతే మీరు రాయండి. ఎన్నింటికి నిద్ర లేచింది, ఏం పని ఎంతసేపు చేసింది, ఎలా ఉంది. ఇది చూస్తే డాక్టర్‌కి సగం పని అయిపోతుంది.

ఎందుకింత నొక్కి చెప్తున్నానంటే నీరసం వేరు, ఈ జబ్బు వేరు. మన దేశంలో నీరసం అనే కంప్లైంట్ ఎంత కామనో గోవాలో డాక్టర్ విక్రమ్ పటేల్ బృందం లెక్క తీసింది, 2005లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆడవాళ్ళు దాదాపు 2500 మందిని అడిగితే 12 శాతం మంది ఆరు నెలలకు పైగా నీరసంగా ఉందన్నారు. అందరూ అనుకున్నట్టు దానికి రక్తహీనతతో సంబంధం కనిపించలేదు, పేదరికం, మానసిక ఇబ్బంది, ఇంట్లో ఆడవాళ్ళ పరిస్థితి, వీటితో కనిపించింది. అంటే వాళ్ళందరికీ సీఎఫ్ఎస్ అని కాదు, అలా అనుకుంటే ఇద్దరికీ అన్యాయమే. 2015లో అమెరికా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ పెట్టిన లక్షణాలు ఇప్పుడు ఎక్కువమంది వాడుతున్నారు. ఆరు నెలలకు పైగా మునుపటి పనులు చేయలేనంత నీరసం, పెమ్, ఎంత పడుకున్నా నిద్ర తీరకపోవడం, ఈ మూడూ ఖచ్చితంగా ఉండాలి, వీటితోపాటు జ్ఞాపకశక్తి, ఆలోచన మందగించడం గానీ, నిలబడితే లక్షణాలు పెరగడం గానీ, ఏదో ఒకటి ఉండాలి. పెమ్ లేకపోతే నేను సీఎఫ్ఎస్ అనే మాట వాడను, వేరే కారణం వెతుకుతాను.

ఆ వెతకడం మీకు పూర్తిగా జరిగిందా అనేది నా డౌటు, ఎందుకంటే "అన్ని టెస్టులూ" అని రాశారు, ఏవేవో రాయలేదు. సీబీసీ, అంటే రక్తకణాల లెక్క, ఒక్కటి చేసి వదిలేస్తుంటారు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12, విటమిన్ డి, షుగర్, కిడ్నీ, లివర్, కాల్షియం, ఈఎస్ఆర్, సీఆర్‌పీ, పొద్దున్నపూట కార్టిసాల్, ఛాతీ ఎక్స్‌రే, యూరిన్, సీలియాక్ టెస్టు, హెచ్ఐవీ, ఇవి చూసుకోవాలి. గురక ఉంటే స్లీప్ స్టడీ. హిమోగ్లోబిన్ 12 ఉండి ఫెరిటిన్ అడుగంటినవాళ్ళు బోలెడుమంది, బీ12 అయితే శాకాహారుల్లో చెప్పక్కర్లేదు. డిప్రెషన్ కూడా చూడాలి, దాంట్లో నామోషీ ఏం లేదు. ఓపీలో నేను అడిగే ప్రశ్న ఒకటుంది, "రేపు పొద్దున్నే ఒంట్లో బాగైపోతే ఏం చేస్తావమ్మా?" అని. డిప్రెషన్‌లో ఉన్నవాళ్ళు చాలాసార్లు ఏమో అంటారు, ఏం చేయాలనీ లేదంటారు. ఈ జబ్బువాళ్ళు గుక్క తిప్పుకోకుండా లిస్టు చదువుతారు. ఇది సైంటిఫిక్ టెస్టు కాదు, రెండూ కలిసి ఉండేవాళ్ళూ ఉంటారు, కానీ నాకు బాగా పనికొచ్చింది.

ఇప్పుడు ఎక్సర్‌సైజ్ గొడవ. రెండో డాక్టర్ గారిని తప్పు పట్టకండి, ఆయన చెప్పింది నిన్నమొన్నటిదాకా లండన్‌లో కూడా అఫీషియల్ ట్రీట్‌మెంటే. బ్రిటన్‌లో పేస్ అని పెద్ద ట్రయల్ చేశారు, 641 మంది పేషెంట్లు, 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. మెల్లగా వ్యాయామం పెంచుకుంటూ పోయినా, సీబీటీ అనే టాక్ థెరపీ ఇచ్చినా మామూలు వైద్యం కంటే బాగుంటున్నారని దాని సారాంశం, 2013లో ఇంకో పేపర్ వేసి అయిదో వంతుకి పైగా "కోలుకున్నారు" అన్నారు. పేపర్లలో, టీవీల్లో ఊదరగొట్టారు. పేషెంట్లు మాత్రం ఇది అబద్ధం, మాకు ఇంకా ఎక్కువైంది అని గోల పెట్టారు, ఎవరూ పట్టించుకోలేదు.

లోపలికెళ్ళి చూస్తే విషయం ఏంటంటే, శరీరం ఎంత పని చేయగలదో సున్నా నుంచి వంద దాకా మార్కులేసే ఒక ప్రశ్నాపత్రం ఉంది. ట్రయల్‌లో చేరాలంటే 65 లేదా అంతకంటే తక్కువ రావాలి. కోలుకున్నట్టు లెక్కేయాలంటే 85 రావాలని మొదట్లో రాసుకున్నారు, మధ్యలో దాన్ని 60కి దించారు. అంటే 65తో చేరిన పేషెంటు ఏడాది తర్వాత 60కి పడిపోయినా ఆ కొలత వరకు కోలుకున్నట్టే! పైగా ఏ వైద్యం తీసుకుంటున్నారో పేషెంటుకి తెలుసు, మార్కులు వేసుకునేదీ పేషెంటే. కొలవగలిగేవి చూస్తే, వ్యాయామం గ్రూపు ఏడాది తర్వాత ఆరు నిమిషాల్లో సగటున 379 మీటర్లు నడిచారు, ఆ వయసు ఆరోగ్యవంతులు నడిచేదాంతో పోలిస్తే అది చాలా తక్కువ. ఆస్ట్రేలియాలో ఉన్న ఒక పేషెంటు బ్రిటన్ సమాచార హక్కు చట్టం కింద డేటా అడిగితే ట్రయల్ చేసిన యూనివర్సిటీ ఇవ్వనంది, 2016లో అక్కడి ట్రిబ్యునల్ ఇచ్చి తీరాలంది. మొదట రాసుకున్న రూల్ ప్రకారం మళ్ళీ లెక్కేస్తే కోలుకున్నవాళ్ళు అన్ని గ్రూపుల్లోనూ పది శాతం లోపే, గ్రూపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2017లో ఈ వ్యాయామం, సీబీటీ సలహాలు తీసేసింది. బ్రిటన్‌లో డాక్టర్లకి గైడ్‌లైన్లు రాసే నైస్ అనే సంస్థ 2007లో మెల్లగా పెంచే వ్యాయామం ఇవ్వమని చెప్పినదే, 2021 అక్టోబర్‌లో వద్దని మార్చింది. ఆ మార్పు కూడా సులువుగా అవ్వలేదు, కొన్ని డాక్టర్ల సంఘాలు ఒప్పుకోక ఆగస్టులో రావాల్సింది ఆగిపోయింది, ఇప్పటికీ ఒప్పుకోనివాళ్ళు ఉన్నారు. నా మట్టుకు నాకు పెమ్ ఉన్న పేషెంటుని నడక పెంచమని చెప్పే ధైర్యం లేదు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, పెమ్ లేని మామూలు నీరసానికి, డిప్రెషన్‌కి, షుగర్‌కి వ్యాయామం మంచి మందే. అందుకే ముందు ఏది ఏదో తేల్చుకోమనేది.

దీనికి ఒంట్లో ఆధారం ఉందా అంటే, ఉంది. సైకిల్ తొక్కిస్తూ ఆక్సిజన్ వాడకం కొలిచే టెస్టు వరుసగా రెండు రోజులు చేస్తే ఆరోగ్యవంతులు రెండో రోజూ దాదాపు అంతే తొక్కుతారు, వీళ్ళలో చాలామందికి రెండో రోజు కొలతలు పడిపోతాయి. దయచేసి ఇది చదివి ఆ టెస్టు చేయించకండి, ఆ టెస్టే పెమ్ తెప్పిస్తుంది. 2024లో ఆమ్‌స్టర్‌డామ్ వాళ్ళు లాంగ్ కోవిడ్ పేషెంట్లకి వ్యాయామానికి ముందూ తర్వాతా తొడ కండరం ముక్క తీసి చూశారు, వ్యాయామం తర్వాత కండరం దెబ్బతిన్న గుర్తులు, కణాల్లో శక్తి తయారీ తగ్గడం కనిపించాయి.

ఇన్ఫెక్షన్ తర్వాత రావడం కూడా కొత్త సంగతేం కాదు. ఆస్ట్రేలియాలో డబ్బో అనే ఊళ్ళో మూడు రకాల ఇన్ఫెక్షన్లు వచ్చిన 253 మందిని వెంటపడి చూశారు, 2006లో ప్రచురించారు. ఆరు నెలలకి 11 శాతం మందికి ఈ జబ్బు లక్షణాలు తేలాయి. ఎవరికి వస్తుందనేది మనిషి మనస్తత్వం బట్టి కాదు, మొదట్లో జ్వరం ఎంత తీవ్రంగా వచ్చింది అన్నదాన్ని బట్టి ఉంది. ఈ పాయింటు అమ్మగారికి చదివి వినిపించండి. అమెరికాలో రికవర్ అనే స్టడీ 2025లో చెప్పింది, ఈ జబ్బు లక్షణాలు కోవిడ్ వచ్చినవాళ్ళలో 4.5 శాతం మందికి, రానివాళ్ళలో 0.6 శాతం మందికి తేలాయని. మన దగ్గర 2006లో చికున్‌గున్యా వచ్చిపోయాక ఏళ్ళ తరబడి కీళ్ళు పట్టేసి తిరిగినవాళ్ళు ఊరూరా ఉన్నారు కదా, జ్వరం పోయినా జబ్బు పోదన్న సంగతి మనవాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు.

జీన్స్ మీద ఎడిన్‌బరో యూనివర్సిటీ వాళ్ళ డీకోడ్‌ఎంఈ స్టడీ 2025 ఆగస్టులో బయటికొచ్చింది, 15,579 మంది పేషెంట్ల డీఎన్ఏ చూస్తే ఎనిమిది చోట్ల తేడాలు దొరికాయి, కొన్ని ఇమ్యూనిటీకి, కొన్ని నరాల వ్యవస్థకి సంబంధించినవి. అందరూ యూరప్ మూలాలవాళ్ళే. దీన్ని చూపించి ఎవరైనా జీన్ టెస్టు అమ్మితే కొనకండి, ఆ తేడాలు ఒక్కోటీ చాలా చిన్నవి, వాటితో ఒక మనిషికి జబ్బు ఉందో లేదో తేల్చలేం.

ప్యాకేజీ సంగతి. స్టెమ్ సెల్స్‌తో ఇది తగ్గుతుందని గట్టి ట్రయల్ ఏదీ లేదు. "మా దగ్గర పదిమందిలో నలుగురికి తగ్గింది" అని వీడియోలు చూపిస్తారు, అబద్ధమని కూడా అనను, కానీ నార్వే కథ వినండి. బెర్గెన్‌లో ఇద్దరు క్యాన్సర్ డాక్టర్లు, ఫ్లూగే, మెల్లా. క్యాన్సర్‌కి మందులు వాడిన ఒక పేషెంటుకి అప్పటికే ఉన్న సీఎఫ్ఎస్ తగ్గడం గమనించి రిటుక్సిమాబ్ అనే ఇంజెక్షన్ ప్రయత్నించారు. 2011లో 30 మంది మీద చేస్తే మందు తీసుకున్న 15 మందిలో పదిమందికి మేలు కనిపించింది, ప్రపంచమంతా ఎగిరి గంతేసింది. వాళ్ళు నిజాయితీగా 151 మందితో పెద్ద ట్రయల్ చేశారు, 2019లో ఫలితం వచ్చింది, మందు తీసుకున్నవాళ్ళలో 26 శాతం మందికి మెరుగైతే మందు లేని ఉత్తుత్తి డ్రిప్పు ఎక్కినవాళ్ళలో 35 శాతం మందికి మెరుగైంది! పదిమందిలో ముగ్గురు నలుగురు ఏమీ ఇవ్వకపోయినా బాగుపడినట్టు కనిపించే జబ్బు ఇది, ఇక వీడియోలకి విలువేముంది చెప్పండి. అదే నార్వే వాళ్ళు ఇప్పుడు డారాటుముమాబ్ అనే ఇంకో మందు చూస్తున్నారు, పదిమందిలో ఆరుగురికి మేలు అన్నారు, నేనైతే పెద్ద ట్రయల్ వచ్చేదాకా నోరు మెదపను. అంతకుముందు 2009లో సైన్స్ పత్రికలో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరస్ మూడింట రెండొంతుల పేషెంట్లలో దొరికిందన్నారు, పాపం కొందరు హెచ్ఐవీ మందులు కూడా మింగారు, తీరా అది ల్యాబ్ కల్తీ అని తేలి 2011లో ఆ పేపర్ వెనక్కి తీసుకున్నారు.

సరే, మీరు రేపటినుంచి ఏం చేయాలి. మొదటిది పేసింగ్, అంటే ఉన్న ఓపికలో కొంత మిగిల్చి ఆగిపోవడం. బాగున్న రోజు కూడా ఆగాలి, కష్టమంతా అక్కడే, బాగున్న రోజు పెండింగ్ పనులన్నీ చేసేసి నాలుగు రోజులు పడుకుంటారు. స్నానం స్టూల్ మీద కూర్చుని, తలస్నానం వేరే రోజు, కూరలు కూర్చుని తరగడం, ప్రతి పనికీ మధ్య పది నిమిషాలు కళ్ళు మూసుకుని పడుకోవడం, అదీ ఫోన్ చూడకుండా. చేతికి వాచీ ఉంటే పొద్దున్న లేవగానే ఉండే పల్స్‌కి 15 కలిపి అది దాటకుండా చూసుకోమని అమెరికాలో వర్క్‌వెల్ అనే సంస్థ చెప్తుంది, మొదలుపెట్టడానికి అది చాలు. పూర్తిగా మంచానికే అంటుకుపోవడం కూడా వద్దు, పెమ్ రానంత మేరకు కదలాలి.

రెండోది, నిలబెట్టి పల్స్ చూడండి. ఇది అరగంట లోపు పని, ఇంట్లో బీపీ మిషన్ ఉంటే చాలు, చాలామంది చేయరు. పది నిమిషాలు పడుకోబెట్టి బీపీ, పల్స్ రాసుకోండి. తర్వాత గోడకి వీపు ఆనించి, మడమలు గోడకి ఆరంగుళాల దూరంలో పెట్టి కదలకుండా నిలబడమనండి, పది నిమిషాలు, నిమిషం నిమిషం రాయండి, పక్కన ఒక మనిషి ఉండాలి, కళ్ళు తిరిగితే ఆపేయాలి. బీపీ పడకుండా పల్స్ 30 లేదా ఆపైన పెరిగి అలాగే ఉంటే పాట్స్ అనే సమస్య ఉండొచ్చు. మొన్నీమధ్య ఒక స్కూల్ టీచర్‌కి చేశాను, పడుకున్నప్పుడు 76, ఆరో నిమిషానికి 120, పాదాలు వంకాయ రంగుకి తిరిగాయి, వాళ్ళాయన అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్నవాడు లేచి కుర్చీ తెచ్చాడు. పాట్స్‌కి మాత్రం మందులున్నాయి, ప్రొప్రనలాల్, ఐవబ్రాడిన్, మిడోడ్రిన్ లాంటివి, డాక్టర్ చూసి ఇవ్వాలి. మందుల కంటే ముందు రోజుకి రెండున్నర మూడు లీటర్ల నీళ్ళు, ఉప్పేసిన మజ్జిగ, ఓఆర్ఎస్, బీపీ, కిడ్నీ జబ్బు లేకపోతేనే సుమా. టైట్ సాక్సులు పుస్తకాల్లో రాస్తారు, మన మే నెలలో అవి ఎవరేసుకుంటారండీ, కాన్పు తర్వాత కట్టుకునే పొట్ట బెల్టు పగటిపూట పెట్టుకోమంటాను, చాలామందికి అది పనిచేసింది.

ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటే రెండ్రోజులు బాగుంటోంది అంటారు కొందరు. నిజమే, బలం ఎక్కి కాదు, పాట్స్ ఉన్నవాళ్ళకి ఒంట్లో నీరు పెరిగి గుండె దడ తగ్గి బాగుంటుంది. ఆ పని మజ్జిగ కూడా చేస్తుంది. ఆ సెలైన్‌లో డెక్సా కలిపితే మాత్రం ప్రమాదం, ఆ ఉత్సాహం స్టెరాయిడ్‌ది, ఊరికే ఎక్కించుకోవద్దు.

లో డోస్ నాల్‌ట్రెక్సోన్ గురించి కూడా అడుగుతారని ముందే రాస్తున్నా. మన దగ్గర 50 మిల్లీగ్రాముల మాత్ర తాగుడు మాన్పించడానికి దొరుకుతుంది, దీనికి వాడేది 1.5 నుంచి 4.5 దాకా. ఉన్న ఆధారాలు చిన్నవి, కొందరికి నొప్పులు, తల దిమ్ము తగ్గడం నేనూ చూశాను, అందరికీ కాదు. మాత్ర ముక్కలు చేసుకుని సొంతంగా వేసుకోకండి, ట్రామడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడుతుంటే అసలొద్దు. నిద్రకీ నొప్పులకీ విడిగా చిన్న డోసులు ఇస్తాం, వీళ్ళకి ఏ మందైనా పావు డోసుతో మొదలుపెట్టాలి, ఒళ్ళు తట్టుకోదు.

తగ్గుతుందా అంటే, పెద్దవాళ్ళలో పూర్తిగా మునుపటిలా అయ్యేవాళ్ళు తక్కువ, స్టడీలూ అదే చెప్తాయి, పిల్లల్లో కాస్త మెరుగు. కానీ మెరుగై సగం రోజు ఉద్యోగం చేసుకునేవాళ్ళు, వంటా పనీ చూసుకునేవాళ్ళు నా దగ్గరే ఉన్నారు, నేను చూసినంతలో వాళ్ళలో ఎక్కువమంది మొదటి ఏడాదిలోనే పరుగు ఆపినవాళ్ళు. మీ చెల్లికి ఇంకా ఎనిమిది నెలలే. ఉద్యోగం రిజైన్ చేయించకండి, వర్క్ ఫ్రమ్ హోమ్, తక్కువ గంటలు అడగండి, డాక్టర్ లెటర్‌లో ఐసీడీ-10 కోడ్ జీ93.3 వేయించండి, నరాల జబ్బుల కింద డబ్ల్యూహెచ్‌వో పెట్టిన కోడ్ అది, హెచ్‌ఆర్ వాళ్ళకి నీరసం అని రాస్తే ఎక్కదు.

బరువు తగ్గిపోవడం, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, మెడలో గడ్డలు, ఒక కాలో చెయ్యో బలహీనపడటం, కొత్తగా ఆయాసం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇదంతా పక్కనపెట్టి వెంటనే ఫిజీషియన్‌కి చూపించండి, టీబీ నుంచి లింఫోమా దాకా ఏదైనా కావచ్చు. నిలబెట్టి తీసిన పల్స్ రీడింగులు, ఫెరిటిన్, టీఎస్‌హెచ్ ఇక్కడ కింద పెట్టండి, చూసి చెప్తాను, రిపోర్టు ఫొటో పెట్టేటప్పుడు పేరు, ఫోన్ నంబరు కొట్టేయండి.